ఆహార్యంలో చరిత్ర ఎవరిది?

చారిత్రక చిత్రాల గురించీ, టెలివిజన్‌లో వచ్చే చారిత్రక నాటకాల గురించీ మనవాళ్ళు రాసే విమర్శలు చదివితే ఒక సంగతి స్పష్టంగా కనబడుతుంది. కథను గురించి నాలుగు పేజీలు రాస్తారు. సంభాషణల గురించి, సంగీతం గురించి రెండేసి పేజీలు రాస్తారు. దుస్తుల దగ్గరికి వచ్చేసరికి కన్నుల పండువుగా ఉన్నాయనో, కాలానికి తగినట్టు లేవనో ఒక్క వాక్యంతో సరిపెట్టి ముందుకు సాగిపోతారు. దుస్తులు కథకు తొడిగిన అలంకారమనీ, అలంకారాన్ని గురించి విమర్శకుడు పట్టించుకోవలసిందేమీ లేదనీ దీని వెనక ఉన్న అభిప్రాయం.

ఈ అభిప్రాయం తప్పు. భరతుడు అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించినప్పుడు ఆంగిక, వాచిక, సాత్త్వికాలతో సమానంగా ఆహార్యాన్ని కూడా చేర్చాడు. అంటే బట్టలు కూడా అభినయిస్తాయన్నమాట. అభినయించేది ఏదైనా ఒక అర్థం చెబుతుంది. అర్థం చెప్పగలిగినది అబద్ధమూ చెప్పగలదు. నటుడు నోరు విప్పకముందే అతని తలమీద ఉన్న గుడ్డ అతనెవరో, ఎవరి పక్షమో, ఎవరి శత్రువో ప్రేక్షకుడికి చెప్పేస్తుంది. పైగా మాటనైతే ప్రేక్షకుడు అనుమానిస్తాడు; బట్టను అనుమానించడు. కనుక చారిత్రక నాటకంలో దుస్తులు చరిత్రను గురించిన అభిప్రాయాలే. ఆ అభిప్రాయాలు ఎవరివి, ఎవరికి పనికివస్తాయి అని అడగడం విమర్శకుడి బాధ్యత.

ఈ ప్రశ్నను రెండు ఉదాహరణలతో పరిశీలిస్తాను. ఒకటి మనకు బహుదూరంలో ఉన్న స్కాట్లండుకు సంబంధించినది. రెండవది మన ఇంటి ముందరిది: విజయనగర కాలాన్ని మన వెండితెరా, బుల్లితెరా చూపించే తీరు. దూరపుది ముందు చెప్పడానికి కారణం ఉంది. పరాయివాళ్ళ విషయంలో నిజం త్వరగా కనబడుతుంది. మన విషయంలో అభిమానం కంటికి అడ్డం వస్తుంది.

*

2014లో "ఔట్‌లాండర్" అనే టెలివిజన్ నాటకం ప్రారంభమైంది. డయానా గాబల్డన్ 1991లో ప్రచురించిన నవల దానికి మూలం. రెండవ ప్రపంచయుద్ధంలో పనిచేసిన ఒక నర్సు 1945 నుంచి అకస్మాత్తుగా 1743లోకి, స్కాట్లండు ఉత్తరాన కొండసీమల్లోకి వెళ్ళిపడడం కథ. కథ ప్రేమకథే, అందులో భూస్వామ్య వ్యామోహం లేకపోలేదు. కాని తొలి భాగాలకు దుస్తులు రూపొందించిన టెరీ డ్రెస్‌బాక్ ఒక సాహసం చేసింది. స్కాట్లండు అనగానే లోకానికి గుర్తువచ్చే ఎర్రెర్రని పచ్చపచ్చని గళ్ళబట్టను ఆమె పక్కన పెట్టింది. బూడిద, గోధుమ, నాచు రంగుల్లో, ఆ కొండల మట్టికీ రాయికీ దగ్గరగా ఉండే గళ్ళ ఉన్నిబట్టను కొండజాతుల మనుషులకు కట్టించింది. కొత్తబట్టను కొత్తబట్టలా కెమెరా ముందు నిలబెట్టలేదు. రాచి, మాపి, చివికించి, ఏళ్ళ తరబడి ఒంటిమీద ఉన్నదానిలా చేయించింది.

దీన్ని సాహసమని ఎందుకన్నానో తెలియాలంటే ఆ గళ్ళబట్ట చరిత్ర కొంచెం తెలియాలి. కొండసీమ స్కాటిష్ ప్రజల అసలు దుస్తు కుట్టినది కాదు. పొడవాటి ఉన్నిబట్టను నేలమీద పరిచి, మడతలు పెట్టి, నడుముకు పటకా బిగించి, మిగిలిన కొసను భుజంమీద వేసుకునేవారు. పగలు అదే పంచె, అదే ఉత్తరీయం. వానలో అదే గొడుగు. రాత్రి అదే పడక, అదే దుప్పటి. పశువులు తోలుకుంటూ కొండల్లో తిరిగేవాడి దుస్తు అది.

1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ దగ్గర తిరుగుబాటుదార్ల సైన్యం ఓడిపోయింది. అదే ఏడాది బ్రిటిష్ పార్లమెంటు ఆ దుస్తును నిషేధించింది. మొదటిసారి కట్టుకుంటే ఆరునెలల జైలు. రెండవసారి కట్టుకుంటే ఏడేళ్ళ ద్వీపాంతరవాసం. ఒక్క ప్రభుత్వ సైన్యంలో చేరినవాడికి మాత్రం మినహాయింపు. స్వంత బట్ట కట్టుకోవాలంటే సామ్రాజ్యానికి తుపాకి మోయాలన్నమాట. 1782లో నిషేధం రద్దయ్యేనాటికి ఒక తరం గడిచిపోయింది. మామూలు జనం ఆ బట్టను చాలావరకు మరచిపోయారు.

అప్పుడు దాన్ని ఎవరు ఎత్తుకున్నారు? భూస్వాములు. 1822 ఆగస్టులో ఇంగ్లండు రాజు నాలుగవ జార్జి ఎడింబరోకు వచ్చాడు. ఆ ఉత్సవానికి సూత్రధారి నవలాకారుడు వాల్టర్ స్కాట్. ఎవరెవరు ఏ వేషం వేసుకురావాలో ముందుగానే పుస్తకం అచ్చువేసి పంచారు. రాజుగారే కొండజాతి నాయకుడి వేషం వేశాడు. ఆ ఒక్క వేషానికి 1,354 పౌండ్లు ఖర్చయింది. మోకాళ్ళు కనబడకుండా లోపల చర్మం రంగు మేజోళ్ళు తొడిగాడు. అక్కడి నుంచి ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క గళ్ళ నమూనా అనే కథ బలంగా పాతుకుపోయింది. మిల్లులవాళ్ళు నమూనా పుస్తకాలు తయారుచేశారు. ప్రాచీన గ్రంథమని చెప్పి 1842లో ఒక దొంగపుస్తకాన్నే అచ్చువేశారు. ఈనాడు వేల ఏళ్ళ నాటిదని ప్రపంచం నమ్మే ఆ గళ్ళ వంశావళి చాలావరకు 19వ శతాబ్దపు వ్యాపారం.

ఇందులో అసలు క్రౌర్యం ఇంకా ఉంది. ఉత్సవాల్లో గళ్ళబట్ట కట్టి కొండజాతి నాయకులుగా ఊరేగిన భూస్వామివర్గమే అదే కాలంలో ఆ బట్టకు నిజమైన వారసులను కొండలమీది నుంచి తరిమికొట్టింది. "పెట్టుబడి" మొదటి సంపుటంలో మార్క్స్ సదర్లండ్ జమీందారిణి ఉదంతం చెప్పాడు. 1814-1820 మధ్య సుమారు 3,000 కుటుంబాలను, 15,000 మందిని, ఇళ్ళు తగలబెట్టి వెళ్ళగొట్టారు. 1825 నాటికి ఆ 15,000 మంది స్థానంలో 1,31,000 గొర్రెలు మేస్తున్నాయి. మనుషులు పోయారు; వాళ్ళ బట్ట మిగిలింది. అది కూడా వాళ్ళను పంపేసినవాళ్ళ ఒంటిమీద మిగిలింది.

కనుక ఒక దుస్తుల రూపకర్త 18వ శతాబ్దపు స్కాటిష్ పాత్రకు బట్ట కట్టేటప్పుడు ఆమె చేతిలో రెండు దారులున్నాయి. 1822 నాటి భూస్వామి వేషం కట్టవచ్చు. అది అందంగా ఉంటుంది, అందరూ గుర్తుపడతారు. లేదా 1746కు ముందటి పశువులకాపరి బట్ట కట్టవచ్చు. డ్రెస్‌బాక్ రెండవ దారి పట్టింది. ఆ నాటకం మూలంగా స్కాట్లండు కోటలకు యాత్రికులు పెరిగారనీ, సరుకులు అమ్ముడుపోయాయనీ తెలుసు. వ్యాపారం దేన్నీ వదలదు. అయినా ఆ ఒక్క ఎంపిక విలువ తగ్గదు. రంగు తగ్గించడం కూడా చరిత్ర చెప్పడమే అవుతుందని ఆ ఎంపిక రుజువు చేసింది.

*

నేను ఉండేది రొళ్లలో. శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దున ఉన్న మండల కేంద్రం ఇది. తెలుగూ కన్నడమూ ఒకే వాకిట్లో వినబడే చోటు. స్కాటిష్ ఉన్నిబట్టను గురించి చదివినప్పుడు నాకది వింతగా అనిపించలేదు. మా ప్రాంతపు కురుబవాళ్ళ కంబళి సరిగ్గా అదే వస్తువు. గొర్రె ఉన్ని వడికి, గుంటమగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించిన ఆ నల్లకంబళి వానకు గొడుగు, చలికి కోటు, రాత్రికి పడక. కుట్టుపని లేదు. యజమాని లేచి నిలబడితే అది దుస్తు. పడుకుంటే అది ఇల్లు. కొండా గొర్రే పేదరికమూ ఒకటైనచోట బట్ట కూడా ఒకటే అవుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

అయితే మన చారిత్రక చిత్రాల్లో ఈ కంబళి ఎన్నిసార్లు కనబడింది? విజయనగరాన్ని మొదట స్థాపించిన సంగమ వంశీయులు కురుబలేనని ఒక వాదం ఉంది. ఆ వాదం నిలుస్తుందో లేదో చరిత్రకారులు తేల్చుకోవలసిన విషయం. కాని ఆ సామ్రాజ్యంలో గొర్రెలకాపరులు లేరని మాత్రం ఏ చరిత్రకారుడూ అనడు. తెరమీద మాత్రం వాళ్ళు లేరు. ఉన్నా హాస్యానికి ఉంటారు.

బట్ట విషయంలో స్కాట్లండుకూ మనకూ ఇంకొక లంకె ఉంది. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి దత్తం చేసినప్పుడు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టిన స్కాటిష్‌వాడు. అతడు 1813లో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. ఇంగ్లండు బట్టలు హిందూదేశంలో అమ్ముడుపోతాయా అన్నది అక్కడి ప్రశ్న. తాను ఒక హిందూదేశపు శాలువాను ఏడేళ్ళు వాడాననీ, అన్నేళ్ళ తరువాత కూడా దానిలో పెద్ద తేడా కనబడలేదనీ, ఐరోపా శాలువాను ఊరికే ఇచ్చినా వాడననీ అతను చెప్పాడు. పాలెగాండ్రను అణచి, శిస్తు బిగించిన అధికారి నోటి నుంచి వెలువడిన ఈ మాట మన నేతగాడికి దొరికిన యోగ్యతాపత్రం. ఆ తరువాత ఏం జరిగిందో మనకు తెలుసు. నాణ్యతలో ఓడించలేనివాళ్ళు సుంకాలతోనూ యంత్రాలతోనూ ఓడించారు. ఒక దేశపు బట్ట చట్టంతో పోయింది. ఇంకొక దేశపు బట్ట బజారుతో పోయింది.

*

ఇక విజయనగరం సంగతి. రాయల కాలపు దుస్తులు ఎలా ఉండేవో తెలియదు గనుక ఊహించుకున్నామని మన చిత్రనిర్మాతలు చెప్పడానికి వీలులేదు. మధ్యయుగపు దక్షిణదేశంలో ఇంత చక్కగా సాక్ష్యం దొరికే కాలం ఇంకొకటి అరుదు.

మొదటి సాక్ష్యం లేపాక్షి. హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలో, అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల ప్రాంతాన విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం మంటపాల కప్పులమీద చిత్రాలున్నాయి. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం, ఆ సోదరులూ వారి పరివారమూ అక్కడ బారులు తీరి నిలబడి ఉంటారు. పురుషుల తలలమీద పొడుగాటి కుళ్ళాయిలు. స్త్రీల కోకలమీద చారలు, పువ్వులు, వెడల్పాటి అంచులు, ఒక కోకకు ఇంకొక కోకతో పోలికలేని నమూనాలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు రంగులతోనే చిత్రకారులు ఇంత వైవిధ్యం సాధించారు.

రెండవ సాక్ష్యం తిరుమల ఆలయంలోని రాగివిగ్రహాలు. కృష్ణదేవరాయలు ఇరువైపులా ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలుచున్నాడు. పైన బట్ట లేదు, కింద పంచె, తలమీద పొడుగాటి కుళ్ళాయి.

మూడవ సాక్ష్యం పోర్చుగీసువాళ్ళ రాతలు. 1520 ప్రాంతంలో రాయలను స్వయంగా చూసిన డొమింగో పేస్ చెప్పిన దాన్నిబట్టి రాజు బంగారు గులాబీలు కుట్టిన తెల్లబట్టలు కట్టాడు, మెడలో వజ్రాల పతకం వేసుకున్నాడు, తలమీద జరీ టోపీ పెట్టుకున్నాడు. కాళ్ళకు మాత్రం ఏమీ లేదు. దేశంలో దాదాపు అందరూ ఉత్తకాళ్ళతోనే తిరిగేవారని కూడా అతనే రాశాడు. కొద్దికాలం తరువాత వచ్చిన నూనిజ్, రాజు కట్టిన బట్ట మళ్ళీ కట్టడనీ, ఒక్కొక్క టోపీ ఖరీదు ఇరవై క్రుజాడోలు ఉంటుందనీ, ఒకసారి తీసిన టోపీ మళ్ళీ పెట్టడనీ ధరలతో సహా రాసిపెట్టాడు.

ఇంత సాక్ష్యం ఉండగా మన తెరమీద రాయలకు ఏం పెట్టారు? ఎక్కువసార్లు కిరీటం పెట్టారు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టడం కష్టం కాదు. మన నాటక సమాజాల పెట్టెల్లో ఉన్నవి పౌరాణిక కిరీటాలు. ధర్మరాజుకు పెట్టిన కిరీటమే రాయలకు పెట్టారు. దుర్యోధనుడి మఖమలు అంగీయే రామరాయలకు తొడిగారు. పెట్టుబడి లేని సమాజాలకు అది అవసరం. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు నాటకానికి ప్రాణం పోసిన రోజుల్లో, కోలాచలం "రామరాజు చరిత్ర"లో బళ్ళారి రాఘవ పఠాన్ రుస్తుం వేషం కట్టిన రోజుల్లో, నటుడి కంఠం, కన్ను, నడక బట్టల లోటును భర్తీచేశాయి. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కాని కోట్లు ఖర్చుపెట్టే చిత్రం ఆ పాత పెట్టెనే వెదకడంలో అవసరం లేదు; సోమరితనం ఉంది.

సోమరితనం మాత్రమే అయితే ఇంత రాయవలసిన పని లేదు. కుళ్ళాయి తీసి కిరీటం పెట్టడంలో ఇంకొక అర్థం ఉంది.

కుళ్ళాయి ఎక్కడిది? ఆ మాటకు మూలం పారసీకంలోని "కులాహ్". దానితోపాటు కొలువులో తొడిగే పొడవుచేతుల అంగీ పేరు కబాయి. అది అరబీ "కబా". మహాకవి శ్రీనాథుడు కన్నడరాజు దర్శనానికి వెళ్ళినప్పుడు తాను కుళ్ళాయి పెట్టవలసివచ్చిందని మొరపెట్టుకున్న చాటువు మనవాళ్ళందరికీ తెలుసు. అంటే 15వ శతాబ్దంలోనే విజయనగరపు కొలువుకు పోవాలంటే కోస్తా బ్రాహ్మణ కవికి సైతం ఆ టోపీ తప్పలేదు. ఫిలిప్ వాగనర్ అనే పండితుడు 1996లో ప్రచురించిన వ్యాసంలో ఈ సాక్ష్యాలన్నిటినీ కూర్చి, విజయనగర ప్రభువులు తమను ఆనాటి విశాలమైన ఇస్లామీయ నాగరికతా ప్రపంచంలో భాగస్వాములుగా చూపుకోవడానికి ఈ దుస్తులు ఎంచుకున్నారని నిరూపించాడు. వాళ్ళ బిరుదు కూడా ఆ మాటే చెబుతుంది: "హిందూరాయ సురత్రాణ". సురత్రాణుడంటే సుల్తాను.

తిరుమల విగ్రహాన్ని ఈ వెలుగులో మళ్ళీ చూడండి. దేవుడి ముందు రాజు పైబట్ట తీశాడు. టోపీ మాత్రం తీయలేదు. పారసీకపు పేరున్న టోపీతో వేంకటేశ్వరుడి ఎదుట చేతులు జోడించి నిలబడడంలో ఆయనకు ఏ వైరుధ్యమూ కనబడలేదు. వైరుధ్యం కనబడుతున్నది మనకు. 1565లో రక్కసి-తంగడి యుద్ధం తరువాత రాజధాని పెనుకొండకు మారింది. ఆ పెనుకొండలో గగనమహలు కమానులూ గుమ్మటమూ చూసినవాడికి కూడా ఇదే సంగతి రాతిలో కనబడుతుంది. ఓడించినవాడిమీద ద్వేషంతో వాళ్ళు కమానును కూల్చుకోలేదు. యుద్ధం రాజ్యాలమధ్య జరిగింది. శిల్పం, బట్ట, మాట మాత్రం సరిహద్దు దాటి తిరుగుతూనే ఉన్నాయి.

విజయనగరాన్ని కేవలం ఒక మతపు కోటగోడగా, తురకలమీద ఎత్తిన కత్తిగా చూపించాలనుకునేవాళ్ళకు ఈ టోపీ పెద్ద అడ్డంకి. అది తలమీద ఉన్నంతకాలం ఆ కథ నిలవదు. అందుచేత టోపీ పోయి కిరీటం వచ్చింది. సుల్తాను పాత్రకేమో నల్లటి, ముదురురంగు బట్టలు, కళ్ళకు కాటుక, చేతిలో మాంసం ముక్క. 2018లో వచ్చిన "పద్మావత్" హిందీ చిత్రంలో ఒక పక్షానికి వెలుగూ ఒక పక్షానికి చీకటీ పంచిపెట్టారని విమర్శకులు అప్పుడే ఎత్తిచూపారు. ఇది ఒక్క చిత్రంతో పుట్టిన అలవాటు కాదు. ఒక్క భాషకు పరిమితమైనదీ కాదు. ఇద్దరు రాజులూ ఒకే రకం అంగీలు తొడిగి ఎదురెదురుగా నిలబడితే ప్రేక్షకుడు ఒక ప్రశ్న వేస్తాడు: మరి వీళ్ళు దేనికోసం కొట్టుకున్నారు? రాయచూరు అంతర్వేదికోసం, శిస్తుకోసం, గుర్రాల వ్యాపారంకోసం అనే జవాబు వస్తుంది. ఆ ప్రశ్న రాకుండా చేయడానికే ఇద్దరికీ వేరువేరు రంగులు పూస్తారు. తలపాగా ఒక్కటి మార్చితే చరిత్ర తలకిందులవుతుందంటే అతిశయోక్తి కాదు.

*

మన చిత్రాలన్నిటినీ ఒకే గాటకట్టడం న్యాయం కాదు. 1951లో బి.ఎన్. రెడ్డి తీసిన "మల్లీశ్వరి"కి ఎ.కె. శేఖర్ కళాదర్శకుడు. ఆ చిత్రం రాయలను కథకు నడుమ నిలబెట్టలేదు. శిల్పి నాగరాజునూ, అతని మరదలు మల్లీశ్వరినీ నడుమ నిలబెట్టింది. పల్లెలో ఎగిరి గంతులేసే పిల్ల ఆభరణాల బరువుతో అంతఃపురంలో మెల్లగా నడవడం ప్రేక్షకుడు చూస్తాడు. నగ అక్కడ అలంకారం కాదు, సంకెల. రాణివాసపు పల్లకి గౌరవంగా వచ్చి మనిషిని వస్తువుగా ఎత్తుకుపోయే ఆచారాన్ని అంత సున్నితంగా, అంత కఠినంగా చెప్పిన చిత్రం మనకు ఇంకొకటి లేదు. కుళ్ళాయి కొలతలు సరిగ్గా ఉన్నాయా లేదా అన్నది అక్కడ రెండవ ప్రశ్న. ఆహార్యం అక్కడ వర్గస్వభావాన్ని పట్టుకుంది.

తరువాతి కాలంలో "తెనాలి రామకృష్ణ" 1956లో, "మహామంత్రి తిమ్మరుసు" 1962లో వచ్చాయి. వాటిలో నటన గొప్పది. తిమ్మరుసుగా గుమ్మడిని మరచిపోలేం. కాని దృష్టి కొలువుకూటం దాటి బయటికి రాలేదు. 1991లో "ఆదిత్య 369" కాలయంత్రంతో మనల్ని 1526కు తీసుకుపోయింది. అది వినోదానికి తీసిన చిత్రం గనుక దాని దగ్గర చరిత్ర బాకీ వసూలు చేయబోను. టెలివిజన్‌లో తెనాలి రాముడి కథలు 1990లో దూరదర్శన్‌లోనూ, 2017 నుంచి 2020 వరకు మరొక హిందీ చానల్‌లోనూ వచ్చాయి. టెలివిజన్ రోజూ ఇంట్లోకి వస్తుంది. పిల్లల మనసులో రాయల రూపం పాఠ్యపుస్తకం వేసే ముద్రకంటే అది వేసే ముద్ర గాఢమైనది. బాధ్యత కూడా అంత ఎక్కువ.

ఈనాటి చారిత్రక ధారావాహికల్లో బట్టలను గమనిస్తే మూడు లక్షణాలు కనబడతాయి. ఒకటి: అన్నీ కొత్తవి. రాజు బట్టా కొత్తదే, రైతు బట్టా కొత్తదే. చాకలి రేవు చూడని బట్ట, చెమట పట్టని బట్ట, మాసిక పడని బట్ట. మాసిక లేని లోకంలో పేదరికం కనబడదు. రెండు: జనానికి ఒకే రకం బట్టలు. సేవకులందరికీ ఒకే రంగు. లేపాక్షి చిత్రకారుడు పక్కన నిలబడిన చెలికత్తె కోకకు కూడా ప్రత్యేకంగా నమూనా గీశాడు. మనవాళ్ళు పరిచారికలను లెక్కపెట్టి ఒకే తానులోంచి కత్తిరిస్తారు. మూడు: అందరి కాళ్ళకూ పాదరక్షలు. రాజుకే చెప్పులు లేని కొలువులో భటుడికి బూట్లు వచ్చాయి.

చెప్పుల సంగతి చిన్నది కాదు. రాయలసీమ పల్లెల్లో దళితులు పెద్దవీధిలో చెప్పులు చేతబట్టుకు నడవవలసివచ్చిన రోజులు, పంచె మోకాలి కిందికి దిగితే దెబ్బలు తిన్న రోజులు పెద్దవాళ్ళకు ఇంకా జ్ఞాపకం ఉన్నాయి. స్కాట్లండులో ఒక బట్టను నిషేధించడానికి పార్లమెంటు చట్టం కావలసివచ్చింది. మన ఊళ్ళల్లో ఆ చట్టం రాయనక్కరలేకుండానే శతాబ్దాలు అమలయింది. ఎవరు ఏం కట్టాలో నిర్ణయించడం అధికారానికి మొదటి గుర్తు. ఆ గుర్తును తుడిచేసి అందరికీ చెప్పులు తొడిగిన నాటకం చూడడానికి ఉదారంగా ఉంటుంది. చేసిన పని మాత్రం పీడనను దాచడమే.

*

ఇక్కడ ఒక మిత్రుడు అడ్డం తగులుతాడు. "సినిమా మ్యూజియం కాదు. ప్రేక్షకుడు అందం కోరతాడు. ప్రతి కుచ్చెళ్ళకూ శాసనాధారం చూపమంటే కళ బతకదు" అంటాడు.

ఈ ఆక్షేపణలో బలం ఉంది. దానికి లేపాక్షినే మళ్ళీ అడుగుదాం. ఆ కప్పుమీద ద్రౌపది కట్టింది మహాభారత కాలపు బట్ట కాదు. పార్వతి పెళ్ళికోక కైలాసంలో నేసింది కాదు. అవి 16వ శతాబ్దంలో, ఆ చిత్రకారుడి కళ్ళ ముందు తిరిగిన స్త్రీలు కట్టిన కోకలు. అంటే మనకు చరిత్రాధారంగా ఉపయోగపడుతున్న ఆ చిత్రాలే, చరిత్రదృష్టితో చూస్తే, కాలదోషం ఉన్నవి. షేక్‌స్పియర్ నాటకశాలలో కూడా రోమను పాత్రలకు ఎలిజబెత్ కాలపు బట్టలే. వాళ్ళను మనం తప్పుపడుతున్నామా? లేదు. ఎందుకంటే ఆ చిత్రకారుడు మనుషులను చూసి గీశాడు. బట్ట ఎలా జారుతుందో, అంచు ఎక్కడ మడత పడుతుందో, ఏ చేతిలో ఏ నమూనా నేస్తారో అతనికి తెలుసు. అతను మొదలుపెట్టింది జీవితంనుంచి.

కనుక నేను కోరేది శాసనాధారం కాదు. మన చారిత్రక నాటకం చేసిన నేరం 16వ శతాబ్దానికి విధేయంగా లేకపోవడం కాదు. అది 16వ శతాబ్దాన్నీ చూడడంలేదు, ఈనాటి జీవితాన్నీ చూడడంలేదు. అది చూసేది దానికి ముందు వచ్చిన నాటకాన్ని. ఆ నాటకం దాని ముందటి క్యాలెండరు బొమ్మను చూసింది. ఈ వరసలో బట్ట నేసినవాడూ లేడు, కట్టినవాడూ లేడు. మూలం లేని నకళ్ళకు నకళ్ళు మాత్రమే ఉన్నాయి.

నేసినవాడనే మాట వచ్చింది గనుక ఒక్క సంగతి చెప్పాలి. నూనిజ్ రాజు టోపీ ధర రాశాడు. నేసినవాడి కూలి రాయలేదు. కాని శాసనాల్లో నేతగాళ్ళు ఉన్నారు. మగ్గంమీద పన్ను కట్టినవాళ్ళుగా ఉన్నారు. 15వ శతాబ్దంలో తమిళ సీమలోని కైక్కోల నేతగాళ్ళు పల్లకి ఎక్కే హక్కు, శంఖం ఊదే హక్కు సాధించుకున్నారు. 1429లో అదే సీమలో కుడిచేతి, ఎడమచేతి వర్గాలుగా విడిపోయిన వృత్తికులాలవాళ్ళు పన్నుల దోపిడీకి వ్యతిరేకంగా ఒక్కటై కట్టుబాట్లు రాసి రాతిమీద చెక్కించారు. రాయల బట్ట చరిత్ర చెప్పేవాళ్ళకు ఇంతకంటే నాటకీయమైన ఘట్టం ఎక్కడ దొరుకుతుంది? పల్లకి ఎక్కిన నేతగాడి మీద ఒక్క చిత్రం రాలేదు.

ఆ నేతగాడి వారసులు లేపాక్షికి దూరంగా లేరు, ధర్మవరంలో ఉన్నారు. లేపాక్షి కప్పుమీది నమూనాలు ధర్మవరం పట్టుచీర అంచుల్లోకి దిగాయని చెప్పుకుంటారు. ఆ చీర పేరు దేశమంతటా తెలుసు. ఆ చీర నేసేవాడి అప్పు మాత్రం ఊరికే తెలుసు. కొన్ని రకాల బట్టను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చినా, మరమగ్గం ఆ నమూనాలను దొంగిలించి సగం ధరకు అమ్ముతూనే ఉంది. ధర్మవరం నేతగాళ్ళ ఆత్మహత్యల వార్తలు పత్రికల్లో ఎన్నిసార్లో చదివాం. ఇటు చూస్తే, రాయల వైభవాన్ని చూపించే ధారావాహికకు పాలియెస్టరు జరీబట్ట ఎక్కడి నుంచో తానులకొద్దీ వస్తుంది. వైభవం రాయలది, లాభం మరమగ్గానిది, అప్పు నేతగాడిది. స్కాట్లండు భూస్వామి కట్టిన గళ్ళబట్టకూ దీనికీ తేడా ఎంత?

కనుక చారిత్రక నాటకానికి దుస్తులు రూపొందించేవాళ్ళ ముందు మూడు పనులున్నాయని నా అభిప్రాయం. లేపాక్షి కప్పు, తిరుమల విగ్రహాలు, విదేశీయుల రాతలు స్వయంగా చూసి, కుళ్ళాయిని రాజు తలమీదికి తిరిగి తేవడం మొదటిది. కంబళి కప్పుకున్నవాడినీ, మాసిక వేసుకున్నదాన్నీ, ఉత్తకాళ్ళవాడినీ మనిషికొక రూపుతో తెరమీదికి తేవడం రెండవది. ఆ బట్టలను బతికున్న మగ్గాలమీద, న్యాయమైన కూలికి నేయించి, నేసినవాళ్ళ పేర్లు నటుల పేర్లతోపాటు వేయడం మూడవది. మూడవది లేకుండా మొదటి రెండూ చేస్తే పండితులు మెచ్చుకుంటారు. మూడూ చేస్తే జనం తమను తాము గుర్తుపడతారు.

మన విద్యార్థులూ, ఉపాధ్యాయులూ కోట్ల పెట్టుబడిని శాసించలేరు. కాని పాఠశాల వార్షికోత్సవంలో కృష్ణదేవరాయల వేషం వేయించేది మనమే. అట్టకిరీటం కొనే డబ్బుతో నాలుగు గజాల గుడ్డ కొని పొడుగాటి కుళ్ళాయి కుట్టించవచ్చు. ఆ టోపీ ఏమిటని పిల్లవాడు అడుగుతాడు. అప్పుడు ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎన్ని సరిహద్దులు దాటి మన రాజు తలమీదికి వచ్చిందో, దాన్ని నేసినవాడు ఎంత పన్ను కట్టాడో చెప్పవచ్చు. ద్వేషాన్ని చరిత్రగా అమ్ముతున్న ఈ రోజుల్లో అది చిన్న పాఠమేమీ కాదు.